వాదమునకు బలమిచ్చు విషయ మేది?

పోటీ పరీక్షలలో ఒక విధమగు ప్రశ్న తరచుగా కనుపించును. చిన్న వాదము నొకదానిని ఇచ్చి, "దీనిని మిక్కిలి బలపరచు వాక్య మేది?" అని అడుగుదురు. ఇచ్చిన వాక్యము లన్నియు నిజమే యనుకొనవలెను. వాదముపై వాటి ప్రభావమును మాత్రమే విచారింపవలెను.

ప్రతి వాదమునందును ఆధారము, నిర్ణయము అను రెండు భాగములుండును. ఈ రెంటి నడుమ పైకి చెప్పని ఊహ యొకటి దాగి యుండును. దాని నెట్లు గుర్తింపవలెనో ఒక యథార్థ సంఘటనవలన తెలిసికొందము.

1854 ఆగస్టు చివర లండనులోని సోహో ప్రాంతమున కలరా ప్రబలెను. మృతులలో పెక్కుమంది బ్రాడ్ వీధి పంపునకు సమీపమున నివసించినవారే. ఆ పంపు నీరే వ్యాధికి కారణమని జాన్ స్నో అను వైద్యుడు వాదించెను. కాని ఆనాటి వైద్యులలో అనేకులు చెడుగాలివలన కలరా వచ్చునని నమ్ముచుండిరి. పంపు చెంత నున్నవారు ఆ నీటిని త్రాగుటయే కాక అక్కడి గాలిని కూడ పీల్చిరి కదా! సమీపమున నివసించుట అను ఆధారము రెండు నిర్ణయములకును సరిపోవుచున్నది. "గాలి కారణము కాదు" అనునదే స్నో వాదములో దాగిన ఊహ.

ఇపుడీ వాక్యములను పరిశీలింపుడు:

1. పంపు సమీపమున మరణములు మిక్కిలి హెచ్చుగా నుండెను.
2. లండనులో అంతకు పూర్వము కూడ కలరా వ్యాపించెను.
3. దూరమున హాంప్‌స్టెడ్‌లో నున్న ఒక వితంతువు ఈ పంపు నీటిని తెప్పించుకొని త్రాగి, కలరాతో మరణించెను. ఆమె పరిసరములలో కలరా లేదు.

మొదటిది ఉన్న ఆధారమునే మరల చెప్పుచున్నది. రెండవది నిజమే కాని నీటికిగాని గాలికిగాని పక్షము వహింపదు. మూడవదానిలో సోహో గాలి లేదు, నీరు మాత్రమే కలదు. కనుక అదియే సరియైన సమాధానము.

దీనికి విపర్యయమగు సాక్ష్యమును కూడ స్నో సేకరించెను. పంపు సమీపమున నున్న బీదల ఆశ్రమములోని 535 మందిలో కలరాతో మరణించినవారు ఐదుగురే. అచట వేరే బావి కలదు. ఆ వీధిలోని బీరు కర్మాగారమున 70 మందికి పైగా పనిచేయుచుండినను ఎవరును కలరాతో మరణింపలేదు. వారు ఆ పంపు నీటిని త్రాగువారు కారు. వీరందరును ఆ గాలినే పీల్చినవారు!

సెప్టెంబరు 8న పంపు పిడిని తొలగించిరి. పిమ్మట వ్యాధి అణగెను. ఇది గొప్ప నిదర్శనమని పలువురు చెప్పుదురు. కాని అప్పటికే వ్యాధి తగ్గుముఖము పట్టినది. పిడి నుంచినను తగ్గియుండెడిదేమో! కనుక ఈ విషయ మొక్కటియే వాదమునకు చాలిన బలము నీయజాలదు. స్నో స్వయముగా దీనిని గుర్తించెను.

బలపరచుట వేరు, నిరూపించుట వేరు. రాబర్ట్ కాక్ కలకత్తాలో కలరా క్రిమిని వేరుపరచినది 1884లో. స్నో 1858లోనే మరణించెను. పరీక్షలో విద్యార్థి తన్ను తాను వేసికొనవలసిన ప్రశ్న ఒక్కటే: "ఈ వాక్యము ఏ ఇతర కారణమును తొలగించుచున్నది?" ఏ కారణమును తొలగింపక, కొత్త ఆధారమును చేర్పక యున్నచో, అది ఎంతటి సత్యమైనను సమాధానము కానేరదు.