కుక్కకో బొక్క: ఇన్సేన్ మొదలు ఐస్‌లాండ్ వరకు

మటన్ వండిన రోజు కంచాల్లో మిగిలిన బొక్కలన్నీ పోగేసి కుక్కకు వేయడం మన ఇళ్లలో పాత అలవాటు. ఈ మధ్య దీనికి పూర్తి ఎదురు వాదం ఒకటి వినిపిస్తోంది. కుక్క తోడేలు వంశానిది, దానికి వంట ఎందుకు, పచ్చిమాంసం, పచ్చి ఎముకలు పెడితే చాలదా అని. ఈ రెండు అలవాట్ల చుట్టూ ఉన్న విశేషాలు చాలానే ఉన్నాయి. మయన్మార్‌లోని యాంగోన్ నగరంలో ఉన్న ఇన్సేన్‌తో మొదలుపెడదాం.

జైలుకే కాదు, పశువైద్యానికీ పేరే

ఇన్సేన్ అనగానే 1887లో బ్రిటిష్‌వాళ్లు కట్టిన జైలు, రైల్వే ఇంజిన్ల వర్క్‌షాపు గుర్తుకొస్తాయి. వలస పాలనలో బర్మాకు (ఇప్పటి మయన్మార్‌కు) పశువైద్య సిబ్బందిని తయారుచేసిన పాఠశాల కూడా ఈ ఊళ్లోనే ఉండేది. అక్కడి పశువైద్య శాఖ ప్రచురించిన వార్షిక నివేదికల పేరులో ముందు ఇన్సేన్ పశువైద్య పాఠశాల, ఆ తర్వాతే శాఖ పేరు. ఇప్పుడు మయన్మార్ పశువైద్య విశ్వవిద్యాలయం యెజిన్‌లో ఉంది.

విహారం కుక్కకు పచ్చిమాంసం దొరకదు

యాంగోన్‌లో వీధికుక్కలకు పెద్ద ఆసరా బౌద్ధ విహారాలు. భిక్షువులు మధ్యాహ్నం దాటితే భోజనం చేయరు. మిగిలిన అన్నం, కూర ఆవరణలో తిరిగే కుక్కలకు పోతుంది. పచ్చిమాంసాన్ని, వండని ధాన్యాన్ని భిక్షువు దానంగా స్వీకరించకూడదని బౌద్ధ నియమం. కాబట్టి విహారం గడప దాటి లోపలికి వచ్చేది చాలావరకు వండిన పదార్థమే, కుక్కకు చేరేదీ అదే. భిక్షువులకు నిషిద్ధమైన పది రకాల మాంసాల్లో కుక్క మాంసం కూడా ఉంది.

అన్నం అరిగించుకునే జన్యువు

కుక్క తోడేలు సంతతే కానీ, కడుపు మాత్రం తోడేలు కడుపు కాదు. స్వీడన్‌లోని ఉప్సల విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2013లో ‘నేచర్’ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించారు. పిండిపదార్థాన్ని జీర్ణం చేసే ఎంజైముకు సంబంధించిన జన్యువు తోడేలులో రెండు ప్రతులుంటే, కుక్కల్లో నాలుగు నుంచి ముప్ఫై దాకా ఉన్నాయని అందులో తేలింది. మనిషి పంచన చేరి, మనిషి తిన్నదే తింటూ వేల ఏళ్లు గడిపిన ఫలితమిది. ఇన్సేన్ కుక్క అన్నం తిన్నా, మన ఊరి కుక్క పెరుగన్నం తిన్నా అరిగేది అందుకే.

అయినా ముక్కు మాంసం వైపే

కోల్‌కతాలోని ఐసర్ అనే విజ్ఞాన విద్యాసంస్థ పరిశోధకులు బెంగాల్ వీధికుక్కల ముందు రకరకాల తిండి పెట్టి చూశారు. ఎందులో నిజంగా మాంసం ఎంత ఉందన్న లెక్క వాటికి అక్కర్లేదు. దేనికి మాంసం వాసన ఎక్కువుంటే ముందు దానిమీద పడ్డాయి. రొట్టె తిని బతకగలదు, కానీ మాంసం వాసనను వదులుకోలేదు.

రెండు వేల ఏళ్ల నాటి సలహా

క్రీస్తు పూర్వం ఒకటో శతాబ్దంలోనే రోమన్ రచయిత వారో తన వ్యవసాయ గ్రంథంలో కాపలా కుక్కల మేత గురించి రాశాడు. పాలలో నానబెట్టిన బార్లీ రొట్టె పెట్టమన్నాడు. ఎముకల పులుసు, పగలగొట్టిన ఎముకలు పెడితే పళ్లు గట్టిపడతాయన్నాడు. చచ్చిన గొర్రె మాంసం మాత్రం పెట్టొద్దన్నాడు. ఆ రుచి మరిగితే మంద మీదే పడుతుందని ఆయన భయం.

బిస్కెట్ వయసు నూట అరవై ఏళ్లే

కుక్కల కోసం ప్రత్యేకంగా తయారైన తిండి 1860 ప్రాంతంలో లండన్‌లో పుట్టింది. అమెరికా నుంచి వచ్చిన జేమ్స్ స్ప్రాట్ గోధుమపిండి, కూరగాయలు, బీట్‌రూట్, మాంసం కలిపి కుక్క బిస్కెట్లు చేయించి అమ్మాడు. ఆ కంపెనీలో పనిచేసిన చార్లెస్ క్రఫ్ట్ పేరుమీదే 1891 నుంచి ప్రపంచ ప్రఖ్యాత క్రఫ్ట్స్ కుక్కల ప్రదర్శన నడుస్తోంది.

పచ్చిమాంసం వాదం ఎక్కడిది?

బిస్కెట్ల మీద తిరుగుబాటు ఆస్ట్రేలియాలో ఊపందుకుంది. ఇయాన్ బిల్లింగ్‌హర్స్ట్ అనే పశువైద్యుడు 1993లో ‘గివ్ యువర్ డాగ్ ఎ బోన్’ అనే పుస్తకం రాశాడు. 2001లో అదే దేశానికి చెందిన మరో పశువైద్యుడు టామ్ లాన్స్‌డేల్ ‘రా మీటీ బోన్స్’ తెచ్చాడు. పచ్చిమాంసం, మాంసం అంటుకున్న పచ్చి ఎముకలే కుక్కకు అసలైన తిండి అన్నది ఇద్దరి వాదం. 2012లో అమెరికా పశువైద్యుల సంఘం దీనికి ఎదురు నిలిచింది. పచ్చి, సగం ఉడికిన మాంసం కుక్కలకు, పిల్లులకు పెట్టవద్దని విధాన ప్రకటన చేసింది.

ఉడికితే ఎముక చెడుతుంది

అసలు తిరకాసు ఇక్కడే ఉంది. ఎముకలో సుమారు మూడోవంతు కొలాజెన్ అనే ప్రోటీన్, మిగిలింది చాలావరకు ఖనిజం. పచ్చి ఎముకకు కాస్త సాగే గుణం ఇచ్చేది కొలాజెనే. పులుసులో మరిగినప్పుడు అది కరిగి జిలటిన్‌గా మారిపోతుంది. పులుసుకు చిక్కదనం వచ్చేది దానివల్లే. మనకు రుచి దక్కుతుంది, ఎముక పెళుసైపోతుంది. కొరికితే ఎండు వెదురు చీలినట్టు సూదిమొనల ముక్కలుగా చీలుతుంది. అవి గొంతులో గుచ్చుకోవచ్చు, పేగుకు చిల్లు పెట్టవచ్చు. కోడి ఎముకలు మరీ ప్రమాదం. కాబట్టి మనం ఎక్కువగా పెట్టే కూరలో బొక్కే అన్నిటికన్నా చెడ్డది. మాంసం సంగతి సరిగ్గా దీనికి తలకిందులు. ఉడికితే అందులోని క్రిములు చస్తాయి.

ప్యాకెట్ ఎముకలూ తక్కువేమీ కాదు

పొగబెట్టి, ఎండబెట్టి, ప్యాకెట్లలో అమ్మే ఎముకల వల్ల కుక్కలు జబ్బుపడ్డట్టు తమకు 68 ఫిర్యాదులు అందాయని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2017లో హెచ్చరించింది. గొంతులో ఇరుక్కోవడం, పేగు మూసుకుపోవడం, నోట్లో గాయాలు అందులో ఉన్నాయి.

పన్ను శుభ్రమూ, పన్ను విరగడమూ

పెద్ద కుక్కకు 42 పళ్లు, తోడేలుకూ అంతే. పచ్చి పశువు ఎముకలు కొరికించిన బీగిల్ కుక్కల పళ్ల మీద గార బాగా తగ్గిందని 2016లో ఆస్ట్రేలియా పశువైద్య పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. వారో అన్నమాటలో కొంత నిజం ఉందన్నమాట. అయితే బరువైన నల్లి బొక్కను పట్టుపట్టి కొరికే కుక్కకు పైదవడలో మాంసం కోసే పెద్ద పన్ను పలకగా ఊడొచ్చే ప్రమాదం కూడా ఉంది. దంత చికిత్స చేసే పశువైద్యులు తరచూ చూసే గాయమిది.

ఒట్టి మాంసం పెట్టినా తప్పే

ఎముక ప్రమాదమని మెత్తటి మాంసం ముక్కలే పెడితే ఇంకో చిక్కు. కుక్క తిండిలో కాల్షియం, ఫాస్ఫరస్ దాదాపు సమానంగా, లేదా కాల్షియం కాస్త ఎక్కువగా ఉండాలి. ఎముక తీసేసిన మాంసంలో కాల్షియం కన్నా ఫాస్ఫరస్ పదిహేను, ఇరవై రెట్లు ఎక్కువ. కొరత పడిన కాల్షియాన్ని శరీరం సొంత ఎముకల్లోంచే లాక్కుంటుంది. ఎదిగే కూనలకు ఎముకలు మెత్తబడి కాళ్లు వంకర పోతాయి, చిన్న గెంతుకే విరుగుతాయి. ఖరీదైన మాంసమే పెడుతున్నాం కదా అనుకునే యజమాని ఇంట్లోనే ఈ లోపం కనిపించేది.

కోడి మెడతో కాళ్లు పడిపోయాయి

చికెన్ కొట్లో కుక్కల కోసం చవగ్గా దొరికే సరుకు కోడి మెడలు, కాళ్లు, తలకాయలు. ఈ మెడల మీద మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం 2018లో ఒక పరిశోధన ప్రచురించింది. పచ్చికోడి తినే కొన్ని కుక్కలకు వెనక కాళ్లతో మొదలై పక్షవాతం రావడానికి, క్యాంపైలోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియాకు సంబంధం ఉందని అది చూపింది. మనుషుల్లో గిలియన్ బారీ సిండ్రోమ్ అనే జబ్బుకు ఇది దగ్గరి పోలిక. ఉడకబెడితే ఈ బ్యాక్టీరియా చస్తుంది.

ఫ్రీజర్ కాపాడుతుందా?

గడ్డకట్టించిన పచ్చిమాంసం క్షేమమని చాలామంది నమ్మకం. చలికి కొన్ని పురుగులు చస్తాయి కానీ సాల్మొనెల్లా చావదు, నిద్రపోతుందంతే. అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2011-12లో మార్కెట్లో అమ్మే పచ్చి పెంపుడు జంతువుల ఆహారం నమూనాలు 196 పరీక్షిస్తే 15 నమూనాల్లో సాల్మొనెల్లా, 32 నమూనాల్లో లిస్టీరియా దొరికాయి. ఇక గంటల తరబడి కరెంటు పోయే యాంగోన్‌లో ఫ్రీజర్ మీద భరోసా ఏపాటి! 5 నుంచి 60 డిగ్రీల మధ్య వేడి క్రిములకు పండగ. కుక్కకు ఏమీ కాకపోయినా దాని మూతిని, గిన్నెను ముట్టుకున్న పిల్లలకు విరేచనాలు పట్టుకోవచ్చు.

బాతు తిన్న కుక్క

2004 అక్టోబరులో మయన్మార్ పొరుగునున్న థాయ్‌లాండ్‌లో, సుఫన్‌బురి రాష్ట్రంలో ఒక కుక్క బర్డ్ ఫ్లూతో చచ్చిన బాతులను తిన్నది. కొద్దిరోజులకే జ్వరం వచ్చి చనిపోయింది. పరీక్షిస్తే హెచ్5ఎన్1 వైరస్. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ల ఫారాల్లో ఇదే జబ్బు బయటపడింది. చచ్చిన కోడిని కుక్కకు విసరకూడదనడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

పంది మాంసంతో పొంచి ఉన్న ముప్పు

పందుల్లో ఆజెస్కీ వ్యాధి అని ఒకటుంది. హంగేరీ శాస్త్రవేత్త ఆలడార్ ఆజెస్కీ 1902లో దీన్ని గుర్తించాడు. పెద్ద పందికి పెద్దగా హాని చేయదు. ఆ మాంసం పచ్చిగా తిన్న కుక్కకు మాత్రం ఒళ్లంతా పిచ్చి దురద పుట్టి, లక్షణాలు కనబడ్డ రెండు మూడు రోజుల్లో ప్రాణం పోతుంది. మందు లేదు.

ఐస్‌లాండ్ రాజధానిలో కుక్కల మీద అరవై ఏళ్ల నిషేధం

గొర్రెను కోసిన చోట కార్జం, ఊపిరితిత్తులు, బోటి కుక్కలకు విసరడం అన్ని దేశాల్లోనూ ఉంది. ఆ అవయవాల్లో నీటితిత్తులు ఉంటే కుక్క పేగుల్లో చిన్న బద్దెపురుగులు పెరుగుతాయి. కుక్క మలంతో బయటపడే గుడ్లు మనిషి నోట్లోకి చేరితే ఈసారి మనిషి కాలేయంలో తిత్తులు పుడతాయి. అదే హైడాటిడ్ వ్యాధి. 19వ శతాబ్దంలో ఐస్‌లాండ్‌ను ఇది పీడించింది. డెన్మార్క్ శాస్త్రవేత్త హరాల్డ్ క్రాబె కారణం వివరిస్తూ రాసిన చిన్న పుస్తకాన్ని అక్కడ ఇంటింటికీ పంచారు. రాజధాని రేక్యవిక్ 1924లో ఊళ్లో కుక్కల పెంపకాన్నే నిషేధించింది. ఆ నిషేధం 1984లో గానీ సడలలేదు.

ఇది చలిదేశాల గొడవ అనుకోనక్కర్లేదు. 1968లో ‘ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్’లో అచ్చయిన ఒక ముఖ్యమైన వ్యాసం ఈ వ్యాధి కర్నూలులో ఎలా వ్యాపిస్తోందన్నదాని మీదే.

వక్కతో వైద్యం

యాంగోన్‌లో వీధి వీధికీ కిళ్లీ బడ్డీ ఉంటుంది. కిళ్లీలో పడే వక్కకు మత్తునిచ్చే పదార్థం అరెకొలిన్. కుక్క పేగుల్లోని బద్దెపురుగులను వెళ్లగొట్టే విరేచనకారిగా ఒకప్పుడు ఇదే మందు. న్యూజిలాండ్‌లో కుక్కలను వరుసగా కట్టి అరెకొలిన్ పట్టించి పరీక్షించేవారు. పచ్చి బోటి, కార్జం కుక్కలకు వేయడాన్ని చట్టంతో ఆపారు. 2002లో ఆ దేశం తాత్కాలిక ప్రాతిపదికన హైడాటిడ్ విముక్తమైందని ప్రకటించుకుంది. ఇప్పుడు ఆ పనికి ప్రాజిక్వాంటెల్ మాత్ర ఉంది.

పచ్చి చేపలో దాగిన దొంగ

కార్ప్ జాతి చేపల్లో విటమిన్ బి1ను విరిచేసే ఎంజైము ఉంటుంది. 1930లలో అమెరికాలో పచ్చి కార్ప్ చేపలు మేపిన ఫారం నక్కలకు పక్షవాతం వచ్చినప్పుడు ఈ సంగతి బయటపడింది. చేపను ఉడికిస్తే ఆ ఎంజైము నశిస్తుంది.

ఉల్లి మాత్రం ఉడికినా ఉల్లే

యాంగోన్ వాళ్ల పొద్దుటి ఫలహారం మొహింగాలోనూ, మన మాంసం పులుసులోనూ ఉల్లి, వెల్లుల్లి తప్పవు. కుక్క బరువులో ప్రతి కిలోకు 15 నుంచి 30 గ్రాముల ఉల్లి చాలు, ఎర్ర రక్తకణాలు దెబ్బతినడానికి. వండినా ఆ విషం పోదు.

పాతిపెట్టిన ఎముక

తినగా మిగిలిన ఎముకను మట్టిలో దాచుకోవడం కుక్క గుణం. మట్టిలోనూ నీటిలోనూ బతికే ఒక బ్యాక్టీరియా వల్ల వచ్చే మెలియాయిడోసిస్ జబ్బును ప్రపంచానికి మొదట తెలిపింది రంగూన్ (ఇప్పటి యాంగోన్) వైద్యులే. ఆల్‌ఫ్రెడ్ విట్‌మోర్, సి.ఎస్. కృష్ణస్వామి 1912లో దీని గురించి రాశారు. కుక్కలకు అరుదుగానే గానీ రాకపోదు. తవ్వి తెచ్చిన ఎముకను లాక్కుని పారేయడమే మంచిది.

వీధిలో దొరికే మాంసం

యాంగోన్‌లో వీధికుక్కల సంఖ్య తగ్గించడానికి విషం కలిపిన మాంసం పెట్టే పద్ధతి చాలాకాలం నడిచింది. జంతుప్రేమికుల నిరసనలతో టీకాలు, కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సల వైపు మాట మళ్లింది. పెంపుడు కుక్కకు దారిలో దొరికింది తినకూడదని నేర్పడం ఏ ఊళ్లోనైనా అవసరమే.

పచ్చిమాంసం తింటే కరుస్తుందా?

పచ్చిమాంసం మరిగిన కుక్క మనుషుల మీద పడుతుందని మన పల్లెల్లో గట్టి నమ్మకం. దీనికి ఆధారం లేదు. రేబిస్ కూడా మాంసం పెడితే పుట్టదు, జబ్బున్న జంతువు కాటుతో వస్తుంది. ఏటా టీకా వేయించడమే దానికి అడ్డు.

చివరిగా నాలుగు మాటలు

కుక్కకు మాంసం పెట్టండి, ఉప్పు, కారం, ఉల్లి లేకుండా ఉడికించి పెట్టండి. అన్నం కలపండి, కాల్షియం లోటు ఎలా తీర్చాలో పశువైద్యుణ్ణి అడగండి. ఉడికిన ఎముక ఏదీ, ముఖ్యంగా కోడి ఎముక, గిన్నెలో వేయకండి. పచ్చి ఎముకే ఇవ్వాలనుకుంటే కుక్క మింగలేనంత పెద్దది ఎంచి, పక్కన కూర్చుని, కాసేపటికి తీసేయండి. పచ్చి బోటి, కార్జం అసలు వద్దు. బద్దెపురుగుల మందు ఎన్నాళ్లకోసారి వేయాలో పశువైద్యుణ్ణి అడిగి, ఆ తేదీని క్యాలెండర్‌లో రాసిపెట్టుకోండి.