ప్రింటర్‌కు తెలుసు, చెప్పదు

1955 నాటి సోవియట్ ఒప్పందంతో వెలసిన ఉక్కునగరం భిలాయ్. ఉద్యోగాలకొచ్చి అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో పెద్దలు ఇప్పుడు రిటైరయ్యారు. సెలవుల్లో వచ్చిన పిల్లలు వై-ఫై అమర్చి వెళ్తారు. పాస్‌వర్డ్ వాళ్లతోనే పోతుంది. ఏటా ఇవ్వాల్సిన లైఫ్ సర్టిఫికెట్‌ను కొత్త ఫోన్ నుంచి ప్రింట్ తీయబోతే గాని ఆ సంగతి బయటపడదు. అప్పటికి వై-ఫైతో సంబంధమున్నది ప్రింటరొక్కటే.

అయితే అది నోరు విప్పదు. నెట్‌వర్క్ రిపోర్టు తీస్తే సాధారణంగా వై-ఫై పేరు, ఐపీ అడ్రస్ వస్తాయి. పాస్‌వర్డ్ రాదు. కొన్నింట్లో కనిపించే 'వై-ఫై డైరెక్ట్' పాస్‌వర్డ్ ప్రింటర్‌దే, రౌటర్‌ది కాదు. అయినా అక్కరకొస్తుంది. దాంతో ఫోన్‌ను నేరుగా ప్రింటర్‌కు కలిపి సర్టిఫికెట్ తీసుకోవచ్చు.

అసలు పాస్‌వర్డ్‌ను ఎవరూ మార్చకపోతే అది రౌటర్ స్టికర్‌పైనే ఉంటుంది. మార్చివుంటే పిల్లల ఫోన్లలో వెతకాలి. ఆండ్రాయిడ్ 10 (2019) నుంచి క్యూఆర్ కోడ్‌గా, ఐఓఎస్ 16 (2022) నుంచి నేరుగా చూడొచ్చు. రీసెట్ ఆఖరి మార్గం. ఇంటర్నెట్ సెట్టింగులూ చెరిగిపోవచ్చు కనుక ముందు కనెక్షన్ ఇచ్చినవారిని అడగడం మేలు.

ప్రింటర్ మౌనం లోపమేమీ కాదు. అదే గుట్టు విప్పితే, ఇంటికొచ్చిన ఎవరైనా ఓ బటన్ నొక్కి తాళంచెవి పట్టుకుపోగలరు.