బేత్లెహేములో పుట్టినవాడు మనలో పుట్టెనా?

ఒక క్రిస్మస్ దినములలో మేము సంఘములోని ఒక కుటుంబమును దర్శించాము. ఆ ఇంటి కోడలు మంచము పట్టిన అత్తగారికి చెంచాతో గంజి పట్టిస్తున్నది. మమ్మును చూడగానే, "అయ్యగారూ, ఈ ఏడు నాకు క్రిస్మస్ లేదండీ. క్యారల్స్‌కు రాలేదు, ఆరాధనకూ రాలేకపోయాను" అని కన్నీరు పెట్టుకున్నది. ప్రార్థన చేసి వచ్చాము గాని, ఆ మాట మమ్మును విడువలేదు. ఇంతకీ క్రిస్మస్ ఎక్కడ జరుగును?

ఈ ప్రశ్నను దాదాపు 700 సంవత్సరముల క్రితమే ఒక జర్మన్ దైవజనుడు లేవనెత్తాడు. ఆయన పేరు మైస్టర్ ఎక్‌హార్ట్. డొమినికన్ సన్యాసి, పారిస్‌లో వేదాంతము బోధించిన పండితుడు. పండితుల భాషయైన లాటిన్‌లోనే గాక, సామాన్యులకు అర్థమగునట్లు జర్మన్ భాషలోనూ ప్రసంగించాడు.

లోపలి జననము

తండ్రి తన కుమారుని నిత్యత్వములో కనుచున్నాడని సంఘము విశ్వసించును. ఎక్‌హార్ట్ ఆ విశ్వాసమును లోపలికి త్రిప్పాడు. ఆ జననము మన ఆత్మలోను జరుగవలెను, జరుగనియెడల మనకేమి లాభము అని అడిగాడు. మరియ తన గర్భమందు ప్రభువును మోయుటకు ముందే విశ్వాసముచేత తన అంతరంగములో ఆయనను చేర్చుకున్నదనెను. అందుకు మనము చేయవలసినది, "నాది, నేను" అనువాటిని విడిచి హృదయమును ఖాళీ చేసికొనుటయే.

ఇది లేఖనమునకు దూరమైన మాట కాదు. గలతీయులలో క్రీస్తు స్వరూపము ఏర్పడువరకు తనకు ప్రసవవేదన కలుగుచున్నదని పౌలు వ్రాశాడు (గలతీ 4:19).

హద్దు ఎక్కడ?

అయితే ఎక్‌హార్ట్ మాటలు కొన్ని హద్దు దాటినట్లు అనేకులకు తోచినవి. 1326లో కొలోన్‌లో ఆయనపై విచారణ మొదలైనది. తన బోధలో తప్పున్నదని రుజువైతే దానిని వెనుకకు తీసికొందునని 1327లో ఆయన బహిరంగముగా ప్రకటించాడు. తీర్పు రాకముందే మరణించాడు. 1329లో పోపు 22వ యోహాను ఆయన బోధలోనివని చెప్పబడిన 28 వాక్యములను తప్పుపట్టాడు. వాటిలో ఒకటి, మనము పూర్తిగా దేవునిగా మార్చబడుదుమని చెప్పును.

ఇక్కడ మనమును జాగ్రత్తపడవలెను. క్రీస్తు స్వభావముచేత కుమారుడు; మనము కృపచేత దత్తపుత్రులము. ఆయన మనలో నివసించును గాని మనమే ఆయన కాము. బేత్లెహేము చరిత్రలో జరిగినది గనుకనే మన హృదయములో జరుగుటకు వీలున్నది. మొదటిది తీసివేసినయెడల రెండవది ఊహ మాత్రమే అగును.

అయినను ఆ దీపము ఆరిపోలేదు. ఎక్‌హార్ట్ బోధచేత ప్రభావితుడైన టౌలర్ ప్రసంగములను మార్టిన్ లూథర్ ఎంతో ఇష్టముగా చదివాడు. అదే సంప్రదాయములోని "జర్మన్ వేదాంతము" అను గ్రంథమును 1516లో కొంత భాగము, 1518లో మరింత సంపూర్ణముగా అచ్చువేయించాడు.

గంజి గిన్నె

ఎక్‌హార్ట్ ఎర్ఫర్ట్ మఠాధిపతిగా ఉన్నప్పుడు యువ సన్యాసులకు ఒక మాట చెప్పాడు. పౌలువలె మూడవ ఆకాశమునకు కొనిపోబడిన ఆనందములో ఉన్నను, ఒక రోగికి కాస్త జావ అవసరమని తెలిసినయెడల, ఆ ఆనందమును విడిచి ప్రేమతో వానికి సేవచేయుట మేలని దాని భావము. మార్త మరియల సంగతిలో సైతము, పనిలో నుండియు ప్రభువును ఎడబాయని మార్తయే ఎక్కువ పరిపక్వత గలదని ఒక ప్రసంగములో వివరించాడు. ఆ వివరణను అందరూ ఒప్పుకొనకపోవచ్చును. కాని అందులోని హెచ్చరిక మనకు అవసరము.

మేము మరల ఆ ఇంటికి వెళ్లి ఆ సహోదరికి ఈ మాట చెప్పాము. "అమ్మా, క్రిస్మస్ నీకు తప్పిపోలేదు. నీ చేతిలోని గంజి గిన్నె దగ్గరకే వచ్చినది." ఆమె ఏమియు అనలేదు. అత్తగారి నోరు తుడిచి చిన్నగా నవ్వినది.

ప్రియ చదువరీ, ఇంటిమీద నక్షత్రము వెలిగించుట సులభము. లోపల స్థలమున్నదా? ప్రభువు మనలో ప్రతివానికి అట్టి హృదయము దయచేయును గాక. ఆమేన్.