వణికేది సీటు, తిరిగేది షాఫ్టు

హైదరాబాదు, కర్నూలు, అనంతపురం మీదుగా దక్షిణానికి దిగే 44వ నంబరు జాతీయ రహదారి మధురై దాటాక విరుదునగర్, సాత్తూరు, కోవిల్‌పట్టి వైపుల నుంచి సాగి కన్యాకుమారి చేరుతుంది. విరుదునగర్ పప్పులకూ మిరపకాయలకూ పేరున్న బజారు. కోవిల్‌పట్టి, సాత్తూరు, శివకాశి అగ్గిపెట్టెల ఊళ్లు. ఆ చుట్టుపక్కల నల్లరేగడి పల్లెల్లో తరతరాలుగా ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలున్నాయి. కోవిల్‌పట్టి పక్కన ఇడైసేవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ ఆ వలస కథనే తమిళంలో నవలగా రాశారు. ఇక్కడి సరుకును ఊరూరికీ చేర్చేవి పికప్ బండ్లు. వాటిలో సెకండ్ హ్యాండ్‌వీ, మూడో చేతికి వచ్చినవీ తక్కువేం కాదు. అలాంటి బండి కొన్నవాళ్ల నోట తరచూ వినబడే ఫిర్యాదు: అరవై దాకా బాగానే పోతోంది, డెబ్బై దాటితే వణుకుతోంది. షెడ్డులో దొరికే జవాబు కూడా తెలిసిందే. ముందు టైర్లు మార్చు, పోకపోతే షాక్ అబ్జార్బర్లు, అదీ కాకపోతే ఇంజిన్ మౌంటింగులు. డబ్బు విడతలుగా పోతుంది, వణుకు అలాగే ఉంటుంది. వణుకు ఎక్కడ తెలుస్తోందో చూసి భాగాన్ని అనుమానించడంలోనే పొరపాటుంది. అది సెకనుకు ఎన్నిసార్లు వస్తోంది, ఏది మార్చితే ఆ లెక్క మారుతోంది అన్నది చూసి అనుమానించాలి. పొడవాటి ఇనుప ఛాసిస్ మీద కట్టిన బండిలో వెనక పుట్టిన అదురు ఎక్కడైనా తేలుతుంది. సైడు అద్దంలో కనిపించవచ్చు, గేరు రాడ్డులో చేతికి తగలవచ్చు, సీటు కింద మోగవచ్చు. ముందు చక్రాల దోషం స్టీరింగులో ఎక్కువగా తెలుస్తుందన్న మాట నిజమే కానీ, అది ఒక ఆధారం మాత్రమే, తీర్పు కాదు.

లెక్క కష్టమైనదేం కాదు. బయటి వ్యాసం సుమారు 70 సెంటీమీటర్లున్న పికప్ టైరు ఒక చుట్టు తిరిగితే బండి 2.2 మీటర్లు కదులుతుంది. గంటకు 72 కిలోమీటర్లంటే సెకనుకు 20 మీటర్లు, అంటే చక్రం సెకనుకు దాదాపు 9 చుట్లు. వెనక ఇరుసులోని పళ్ల నిష్పత్తి నాలుగు అనుకుంటే ప్రొపెల్లర్ షాఫ్టు 36 చుట్లు తిరుగుతుంది. షాఫ్టు చివర్లలో ఉండే క్రాస్‌లో దోషముంటే ఒక్కో చుట్టుకు రెండు ఊపులు, అంటే 72. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో చుట్టుకు రెండు సిలిండర్లు పేలతాయి. టాప్ గేరు నేరు గేరైతే ఇంజిన్ కూడా సెకనుకు 36 చుట్లే తిరుగుతుంది, పేలుళ్లు 72. తొమ్మిది దగ్గర వచ్చే వణుకును ఒక్కొక్క ఊపుగా ఒళ్లు పసిగడుతుంది. 36 దగ్గర అది సన్నటి గలగల. 72 దగ్గరికొస్తే వణుకు అనిపించదు, చెవిలో గుయ్యిమనే మోతగా వినిపిస్తుంది. చక్రానిదీ షాఫ్టుదీ వేరు చేయడానికి ఈ తేడా చాలు. ఇంజిన్‌నూ షాఫ్టునూ వేరు చేయడానికి మాత్రం చాలదు, ఎందుకంటే నేరు గేరులో రెండింటి లెక్కా ఒకటే.

ఈ చిక్కు బండి పుట్టుకలోనే ఉంది. 1898లో లూయీ రెనో తన చిన్న కారులో చక్రాలను తిప్పే గొలుసు తీసేసి షాఫ్టు పెట్టాడు. పై గేరులో ఇంజిన్ తిరుగుడు మధ్యలో పళ్ల చక్రాల బెడద లేకుండా నేరుగా షాఫ్టుకు చేరేలా చేశాడు. మరుసటి ఏడాది దానికి పేటెంటు తీసుకున్నాడు. శక్తి వృథా తగ్గింది, మోత తగ్గింది. దానితోపాటే ఇంజిన్, షాఫ్టు ఒకే లెక్కలో తిరిగి అనుమానితులిద్దరూ ఒకే ముఖంతో కనబడే ఇబ్బంది కూడా వచ్చింది. దీనికి విరుగుడు సులువే. వణుకు వచ్చే వేగంలోనే వేరే గేరుకు మారిస్తే ఇంజిన్ లెక్క మారుతుంది, షాఫ్టు లెక్క మారదు. వణుకు మారకపోతే ఇంజిన్ నిర్దోషి. ఖాళీగా ఉన్న నేరు రోడ్డు మీద క్లచ్ నొక్కి కొద్దిసేపు న్యూట్రల్‌లో వదిలినా ఇదే తేలుతుంది. తాళం మాత్రం ఆపకూడదు. ఇంజిన్ ఆగితే బ్రేకుకు సాయం పోతుంది. బండి నిలబెట్టి అదే ఇంజిన్ వేగానికి రేజ్ చేసినప్పుడు వణుకు వస్తే అది ఇంజిన్, క్లచ్, మౌంటింగుల వైపు సంగతి. పైసా ఖర్చు లేకుండా బండిలో సగం భాగాలు అనుమానం నుంచి తప్పుకుంటాయి.

షాఫ్టు మీదికి అనుమానం వచ్చినప్పుడు క్రాస్ చరిత్ర తెలిస్తే మేలు. ఒకదానికొకటి అడ్డంగా ఉన్న రెండు ఇరుసుల మీద వస్తువును అటూ ఇటూ వాలనిచ్చే అమరిక గురించి 16వ శతాబ్దంలో ఇటలీ పండితుడు కార్డానో రాశాడు. యూరప్‌లో ఈ క్రాస్ జాయింటుకు ఇప్పటికీ ఆయన పేరే. తిరుగుడును వంకరలోంచి అవతలికి పంపే సాధనంగా దాన్ని 1676 ప్రాంతంలో వివరించినవాడు లండన్‌లోని రాబర్ట్ హుక్. స్ప్రింగు సాగుదల నియమం కూడా ఆయనదే కాబట్టి పికప్ వెనక భాగం మొత్తం ఆయన ఖాతాలో వేసినా తప్పులేదు. ఈ జాయింటులో పుట్టు లోపం ఒకటుంది. రెండు షాఫ్టుల మధ్య వంకర ఉన్నప్పుడు మొదటిది సమవేగంతో తిరిగినా రెండోది తిరగదు. ప్రతి చుట్టులో రెండుసార్లు ముందుకు ఉరుకుతుంది, రెండుసార్లు వెనకబడుతుంది. వంకర 3 డిగ్రీలైతే ఈ తేడా అటూ ఇటూ 0.14 శాతం, లెక్కలోకి రాదు. 10 డిగ్రీలైతే 1.5 శాతం. కోణం మూడింతలకు పైగా పెరిగితే దోషం పదింతలు దాటింది. 1903లో అమెరికాలో క్లారెన్స్ స్పైసర్ ఈ జాయింటును మోటారు వాహనాలకు పనికొచ్చేలా మలిచి పేటెంటు తీసుకున్నాడు. గొలుసు బండ్ల కాలం ముగియడానికి ఆ పని బాగా తోడ్పడింది. లోపం మాత్రం పోలేదు, అది జ్యామితిలోనే ఉంది. దాన్ని దాచడానికి వాడే ఉపాయం షాఫ్టుకు రెండు కొసలా రెండు జాయింట్లు పెట్టడం. రెండు కోణాలూ సమానంగా ఉండి, షాఫ్టు రెండు కొసల ఫోర్కులూ ఒకే వరసలో ఉంటే మొదటిది చేసిన తప్పును రెండోది దిద్దుతుంది.

అలాంటప్పుడు వణుకు ఎందుకని అడగవచ్చు. దిద్దుబాటు జరిగేది చివర్లో. మధ్యలోని షాఫ్టు మాత్రం సెకనుకు 72 సార్లు ఉరుకుతూ వెనకబడుతూనే తిరుగుతుంది. కోణం పెరిగేకొద్దీ ఆ బరువైన గొట్టం తన్ను జాయింట్ల మీదా, చాలా పికప్‌లలో మధ్యన రబ్బరులో వేలాడే సెంటర్ బేరింగు మీదా పడుతుంది. పైగా రెండు కోణాల సమానత్వం ఫ్యాక్టరీలో ఉన్నంత కచ్చితంగా మూడో ఓనరు దగ్గర ఉండదు. ఇక్కడే విరుదునగర్, కోవిల్‌పట్టి సరుకులు పనిచేస్తాయి. పప్పు బస్తాలు బరువు సరుకు. 50 కిలోల బస్తాలు ముప్పై వేస్తే టన్నున్నర, తొట్టి సగం కూడా నిండినట్టు కనబడదు. మరో పది వేయాలనిపిస్తుంది, దానికోసం వెనక కమాను కట్టల్లో అదనపు పట్టీ వేయిస్తారు. అగ్గిపెట్టెల బండిళ్లు దీనికి పూర్తిగా తిరగేసిన సరుకు. తొట్టి నిండి తాడు కట్టేంత ఎత్తు లేచినా బరువు పెద్దగా ఉండదు. పప్పు కోసం పట్టీ వేసిన బండిని అగ్గిపెట్టెల వ్యాపారి కొంటే దాని వెనక భాగం ఎప్పుడూ లేచే ఉంటుంది. ఇరుసు కిందికి, గేరుబాక్సు పైకి, షాఫ్టు కోణం ఎక్కువ. కట్ట మధ్య బోల్టు విరిగినా, యూ బోల్టులు వదులైనా ఇరుసు కాస్త తిరిగిపోయి రెండు కోణాలు ఒకదానితో ఒకటి సరిపోవు. లోడు వేస్తే బండి కుదురుకుంటుందని డ్రైవర్లు అనే మాటలో నిజమెంతో ఇప్పుడు చెప్పవచ్చు. బరువు పడితే వెనక భాగం దిగి కోణం తనకు నిర్ణయించిన చోటికి వస్తుంది. ఖాళీ బండిలో ఉండి లోడు బండిలో పోయే 72 లెక్క మోతకు కారణం చాలావరకు ఇదే. దీనికి కొత్త టైరు వైద్యం కాదు.

క్రాస్‌ను దగ్గరగా చూస్తే అది చాలా సంగతులు చెబుతుంది. చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేకు వదిలి, కింద దూరి షాఫ్టును ఒక చేత్తో, దాని పక్క ఫోర్కును ఇంకో చేత్తో పట్టుకుని ఎదురెదురుగా మెలిపెట్టాలి. అక్కడ టక్కుమని చిన్న ఆట తెలిసినా ఆ క్రాస్ ఆయువు తీరినట్టే. నాలుగు సూది బేరింగు కప్పుల అంచుల్ని వేలితో తడమాలి. నల్లగా జిడ్డు అంటితే గ్రీజు ఉంది. ఎర్రటి పొడి రాలితే గ్రీజు ఎండిపోయి ఉక్కు ఉక్కును తింటోంది. గొట్టం మీద అతికించిన చిన్న ఇనుప బిళ్ల పడిపోయి దాని వెల్డింగు మచ్చ మాత్రమే మిగిలితే బ్యాలెన్సు పోయింది, అప్పుడు వణుకు 72 కాదు, 36. షాఫ్టు ఊడదీసేముందు జారుడు కొస రెండు భాగాల మీదా ఒకే గీత గీయాలి. ఆ గీత లేకుండా తీసి, పళ్లలో ఒక్క పన్ను అటూ ఇటూగా బిగిస్తే ఫోర్కుల వరస చెడుతుంది, లేని వణుకు షెడ్డులోనే పుడుతుంది. కొత్త క్రాస్ వేసినా తగ్గలేదనే ఫిర్యాదుల్లో ఈ గీత గీయని పాపానిది చిన్న వాటా కాదని నా అనుమానం.

ఇంత లెక్క ఎందుకు, చౌకగా అయ్యే వీల్ బ్యాలెన్సింగే ముందు చేయించుకోవచ్చు కదా అనేవాళ్లున్నారు. చేయించుకోవాలి, అందులో తగాదా లేదు. రిమ్ముపై 50 గ్రాముల తేడా 72 కిలోమీటర్ల వేగంలో సుమారు 3 కిలోల బరువంత బలంతో చక్రాన్ని చుట్టుకోసారి లాగుతుంది, 100 కిలోమీటర్లలో ఆ బలం దాదాపు రెండింతలు. స్ప్రింగుకూ టైరుకూ మధ్య ఇరుసు తనంతట తాను ఎగిరే సహజ లెక్క సెకనుకు 10 నుంచి 15 దాకా ఉంటుంది. 80, 90 దగ్గర చక్రం లెక్క దానికి చేరువవుతుంది; ఉయ్యాలను సరిగ్గా అందిన క్షణంలో తోసినట్టు చిన్న బలమే పెద్ద ఊపు తెస్తుంది. షాక్ అబ్జార్బర్ పాతదైతే ఆ ఊపును ఆపేది ఉండదు, అయినా ఊపు పుట్టించేది అది కాదు. బ్యాలెన్సింగ్ మెషిన్ దిద్దేది బరువు తేడానే. గుండ్రం తప్పిన టైరునూ, వంగిన రిమ్మునూ, తొక్కుడు సమంగా అతకని బటన్ టైరునూ బ్యాలెన్సు చేసినా అవి రోడ్డును గుద్దుతూనే ఉంటాయి. చక్రాన్ని జాకీ మీద లేపి, పక్కన ఇటుక మీద సుద్దముక్క ఆనించి తిప్పితే ఎక్కడ తగులుతోందో ఎక్కడ తగలడం లేదో కంటికే కనిపిస్తుంది. వణుకు పది పన్నెండు సెకన్లకోసారి పెరిగి తగ్గుతుంటే భయపడి గేరుబాక్సు విప్పించకండి. వ్యాసంలో ఒక్క శాతం తేడా ఉన్న రెండు టైర్లు, రెండిటికీ కొద్దికొద్దిగా దోషముంటే, ఈ వేగంలో సుమారు 11 సెకన్లకోసారి ఒకదానికొకటి తోడై, మళ్లీ విడిపోతాయి. టైర్లు ఒక్కొక్కటి ఒక్కో కాలంలో మార్చిన పాత బండిలో ఇది వింతేమీ కాదు.

తప్పంతా రోడ్డుదేననే వాదన ఈ ప్రాంతంలో తేలిగ్గా కొట్టిపారేయదగ్గది కాదు. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుని నెర్రెలు తీస్తుంది. దాని మీద వేసిన పల్లెరోడ్డు కొన్నేళ్లలో అలలు తేలుతుంది. పది మీటర్లకో అల ఉంటే 72 కిలోమీటర్ల వేగంలో సెకనుకు రెండు ఊపులు. ఆ లెక్క బండి ఒళ్లు మొత్తం ఊగే లెక్క, తిరిగే భాగాలు వేటికీ అది సరిపోదు. అదే వేగంలో నున్నటి హైవే మీద పోయే ఊపు రోడ్డుదీ స్ప్రింగులదీ, పోనిది యంత్రానిది. ఖాళీ పికప్ వెనక ఎగిరెగిరి పడటం కూడా రోగం కాదు, టన్ను బరువుకు చేసిన స్ప్రింగు బరువు లేనప్పుడు అలాగే ఉంటుంది.

చెయ్యి తిరిగిన మేస్త్రీ చెవి ముందు ఈ అంకెలెందుకన్న ప్రశ్నకు నా జవాబు: మంచి మేస్త్రీ ఈ లెక్కే చేస్తాడు, కాగితం మీద రాయడు, అంతే. ఏ స్పీడులో వస్తోంది, యాక్సిలేటర్ వదిలితే పోతోందా, ఖాళీగా ఉన్నప్పుడా లోడులోనా అని అడుగుతున్నాడంటే అనుమానితుల్ని ఒక్కొక్కరినీ తీసేస్తున్నాడు. ఈ ప్రశ్నలు అడగకుండా పానా అందుకునేవాడితోనే ఇబ్బంది. సాధనంతో లెక్కించడం కూడా కొత్తదేం కాదు. ఓడల షాఫ్టుల మెలి వణుకు మీద 1902లో పరిశోధన వెలువరించిన జర్మన్ ఇంజినీరు హెర్మన్ ఫ్రామ్, వేర్వేరు లెక్కలకు శ్రుతి చేసిన ఉక్కు రేకుల వరసతో ఒక మీటరు తయారుచేశాడు. యంత్రం ఏ లెక్కలో అదిరితే ఆ రేకు మాత్రమే ఊగుతుంది. ఇప్పుడు ఫోనులోని సెన్సరు అదే పని చేయగలదు, కానీ గుడ్డిగా నమ్మకూడదు. సెకనుకు 100 కొలతలు తీసే ఫోను 50 దాటిన వణుకును సరిగా చూడలేదు. లోపల తగిన వడపోత లేకపోతే 72ను 28గా చూపిస్తుంది, ఆ 28కి సరిపోయే భాగం కోసం బండంతా వెతికినా దొరకదు.

పాత పికప్ కొనేటప్పుడు ఊరి వీధుల్లో నడిపి చూసి బేరం కుదుర్చుకోకండి. హైవే మీద వణుకు మొదలయ్యే వేగం దాకా ఖాళీగా ఒకసారి, తూకం తెలిసిన లోడుతో ఒకసారి నడపండి. వేగం, గేరు, లోడు మూడూ రాసుకున్న చీటీ చేతిలో పెట్టుకుని షెడ్డుకు వెళ్లండి. అదనపు పట్టీ వేసిన బండైతే, ఆ పట్టీ తీయించి చూడకముందు మరే భాగానికీ డబ్బు పెట్టకండి.