పిల్లలకు బండి తాళం ఇస్తున్నారా? జైలుకెళ్లేది మీరే!

కొల్లాపూర్‌లో కిరాణా షాపు దాకైనా, సోమశిల ఘాట్ దాకైనా.. 18 ఏళ్లు నిండని పిల్లలకు బండి ఇస్తే కేసు తల్లిదండ్రుల మీద పడుతుంది.

శిక్ష ఏంటి?
మోటారు వాహనాల చట్టంలో 2019లో సెక్షన్ 199ఏ చేర్చారు. మైనర్ బండి నడిపి పట్టుబడితే తల్లిదండ్రులకు లేదా బండి ఓనర్‌కు 3 ఏళ్ల వరకు జైలు, రూ.25 వేల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. 'మాకు తెల్వకుండా తీసుకెళ్లిండు' అంటే సరిపోదు. ఆ మాట కోర్టులో మీరే నిరూపించుకోవాలి. పైగా ఆ పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ రాదు. రేపు డ్రైవర్‌గా బతుకుదామన్నా దారి మూసుకుపోయినట్టే.

16 ఏళ్లకే ఇస్తారంట కదా?
ఇస్తారు. కానీ 50 సీసీ మించని, గేర్లు లేని బండికే. పేరెంట్స్ అంగీకారం కూడా కావాలి. మన ఇళ్లలో ఉండే స్కూటీలు చాలావరకు 100 సీసీ పైనే. వాటికి 18 నిండాల్సిందే.

18 నిండాక?
రవాణా శాఖ వెబ్‌సైట్‌లో స్లాట్ బుక్ చేసుకుని లెర్నింగ్ లైసెన్స్ టెస్ట్ రాయాలి. అది 6 నెలలు చెల్లుతుంది. 30 రోజులు దాటాక డ్రైవింగ్ టెస్ట్ పాసైతే పర్మనెంట్ లైసెన్స్ చేతికొస్తుంది.

తొందరపడితే 18కి రావాల్సిన లైసెన్స్ 25కి పోతుంది. తాళం ఇచ్చే ముందు ఆలోచించండి!