ఎనిమిదిన్నర గంటల కూలి 21 రూపాయలా?

సికింద్రాబాద్ నుంచి ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లో హౌరా వెళ్లేవాళ్లు దిగడానికి సామాన్లు సర్దుకుంటుండగా దాటిపోయే చిన్న స్టేషన్ టికియాపారా. హౌరాకు ముందరి స్టేషన్ అదే. అక్కడ రైలు పెట్టెల డిపో ఉంది. దగ్గర్లోని బెలిలియస్ రోడ్డు వైపు వెళితే లేత్ మిషన్లతో నడిచే చిన్న చిన్న వర్క్‌షాపులు కనిపిస్తాయి. అలాంటి చోట గంటల లెక్కన పనిచేసే టర్నర్ వారం కూలిని ఎక్సెల్‌లో లెక్కకట్టాలనుకుందాం. కూడిక, తీసివేత, గుణకారమేగా!

బి2 గడిలో వచ్చిన సమయం 9:00, సి2లో వెళ్లిన సమయం 17:30. భోజన విరామాన్ని పక్కన పెడదాం. డి2లో =సి2-బి2 అని కొడితే 8:30 వస్తుంది. మొదట్లో సమాన గుర్తు లేకపోతే అది ఫార్ములా కాదు, ఉత్త అక్షరాలే. గంటకు 60 రూపాయలనుకుని పక్క గడిలో =డి2*60 అని రాద్దాం. 510 రావాలి. మామూలు సంఖ్యగా చూస్తే అక్కడ ఉండేది 21.25.

ఎక్సెల్ గుణకారం తప్పలేదు. అది సమయాన్ని రోజులో భాగంగా దాచుకుంటుంది. మధ్యాహ్నం 12 గంటలంటే దానికి 0.5. ఎనిమిదిన్నర గంటలంటే 8.5ని 24తో భాగించగా వచ్చే 0.354. కంటికి కనిపించేది 8:30 అయినా ఫార్ములా అందుకునేది లోపలున్న 0.354నే. అంటే మనం రోజుల్ని గంట రేటుతో గుణించాం. ఫిజిక్స్ ల్యాబులో ప్రమాణం రాయకపోతే మార్కులు కోసేవారు. ఎక్సెల్‌కు ఆ పట్టింపే లేదు, అంకె దొరికితే చాలు. రోజుల్ని గంటలుగా మార్చి =డి2*24*60 అంటే 510 వస్తుంది.

ఇలా ఆరు రోజులు పనిచేస్తే 51 గంటలు. మామూలు గడియారం పద్ధతిలో చూపే గడిలో ఆ మొత్తం 3:00గా కనిపిస్తుంది! రెండు నిండు రోజులు పోను మిగిలిన మూడు గంటలవి. లోపల మాత్రం 2.125 రోజులు భద్రంగానే ఉన్నాయి. గడి ఫార్మాట్‌ను ‘జనరల్’కు మారిస్తే అది బయటపడుతుంది. చూపుడు అంకెను నమ్మి కూలి ఇస్తే 3060 రూపాయలకు బదులు చేతిలో పడేవి 180.

వారానికి 48 గంటలు దాటిన పనికి రెట్టింపు కూలి అన్నది 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోని లెక్క. ఆ పద్ధతిలో ఫార్ములా =48*60+(51-48)*60*2. జవాబు 3240. బ్రాకెట్లు మరిచిపోతే గుణకారాలే ముందు జరిగి, జవాబు మైనస్ 2829 అవుతుంది. టర్నరే యజమానికి బాకీ పడ్డట్టు!

రాత్రి షిఫ్టుది ఇంకో చిక్కు. 22:00కు వచ్చి 6:30కు వెళితే తీసివేత ఫలితం రుణసంఖ్య. ఎక్సెల్ దాన్ని సమయంగా చూపలేక గడి నిండా హ్యాష్ గుర్తులు పరుస్తుంది. =మాడ్(సి2-బి2,1) అని రాస్తే తేడాను ఒక రోజుతో భాగించి శేషాన్ని ఇస్తుంది. అప్పుడు ఎనిమిదిన్నర గంటలు సరిగా వస్తాయి. పగటి షిఫ్టుకూ ఇదే ఫార్ములా పనిచేస్తుంది కాబట్టి హాజరు పట్టిక మొత్తానికీ ఇదొక్కటే వాడుకోవచ్చు.