జన్యు పరీక్షా ఫలితం: ఎలా భద్రపరచాలి, ఎవరికి తెలపాలి

రక్తంలో చక్కెర ఈ నెల ఒక విధంగా, వచ్చే నెల వేరొక విధంగా ఉండవచ్చు. జన్యు పరీక్షా ఫలితం అటువంటిది కాదు. పుట్టుకతో సంక్రమించిన జన్యువు జీవితాంతం మారదు. పైగా ఆ ఫలితం పరీక్ష చేయించుకున్నవారికే పరిమితం కాదు. తల్లిదండ్రులకు, తోబుట్టువులకు, పుట్టబోయే బిడ్డలకు కూడా సంబంధించినది. కనుక దానిని పోగొట్టుకొనరాదు; అడిగిన ప్రతివారి చేతిలోనూ పెట్టరాదు.

సికిల్ సెల్ వ్యాధి: ఒక ఉదాహరణ

ఒడిశాలోను, మహారాష్ట్రలోని విదర్భలోను, ఆంధ్రప్రదేశ్ మన్యంలోను సికిల్ సెల్ రక్తహీనత కనబడుతున్నది. 2023 జూలై 1న ప్రారంభమైన జాతీయ నిర్మూలన కార్యక్రమం 40 సంవత్సరాలలోపు వయసు గల 7 కోట్ల మందిని పరీక్షించాలని లక్ష్యంగా పెట్టుకున్నది.

తల్లి నుండి, తండ్రి నుండి కూడా ఈ జన్యువు వచ్చిన బిడ్డకు వ్యాధి కలుగుతుంది. ఒకరి నుండి మాత్రమే వచ్చినవారు వాహకులు. వారు సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటారు. దంపతులిద్దరూ వాహకులైతే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం 25 శాతం, వాహకత్వం వచ్చే అవకాశం 50 శాతం. మేనరికపు వివాహాలలో ఒకే పూర్వీకుని జన్యువు ఇద్దరిలోనూ ఉండే అవకాశం హెచ్చు.

కాగితం ఇంట, కాన్పు పుట్టింట

మన కుటుంబాలలో అత్తవారిల్లు ఒక రాష్ట్రంలో, పుట్టిల్లు మరొక రాష్ట్రంలో ఉండుట సామాన్యం. ఇక్కడ పరీక్ష చేయించుకున్న కోడలు పురిటికి సరిహద్దు దాటి వెళుతుంది. నివేదిక ఇక్కడి పెట్టెలో ఉండిపోతే, అక్కడి వైద్యుడు మొదటి నుండి ఆరంభించవలసివస్తుంది. ఎలక్ట్రానిక్ ఆరోగ్య రికార్డు ఈ లోటును తీర్చగలదు.

ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ 2021 సెప్టెంబరు 27న దేశమంతటా ప్రారంభమైనది. ఇందులో ఇచ్చే 14 అంకెల ఆభా సంఖ్య అన్ని రాష్ట్రాలలోనూ చెల్లుతుంది. దీనిని తీసుకొనుట స్వచ్ఛందం. నివేదికలన్నీ ఒకేచోట పోగుపడవు. పరీక్ష చేసిన ఆసుపత్రిలో లేదా ల్యాబ్‌లో ఉంటూ మీ సంఖ్యకు అనుసంధానమవుతాయి. ఈ వ్యవస్థలో నమోదైన మరొక ఆసుపత్రి వాటిని చూడదలచితే ముందుగా మీ సమ్మతి కోరాలి.

సమ్మతి ఇచ్చే ముందు

అభ్యర్థన ఫోన్‌కు వచ్చినపుడు మూడు విషయాలు చదవండి: ఎవరు అడుగుతున్నారు, ఏ ప్రయోజనానికి, ఎంతకాలానికి. కాన్పు కోసమైతే ఆ అవసరం తీరేవరకే గడువు ఇవ్వండి. ఇచ్చిన సమ్మతిని ఉపసంహరించుకోవచ్చు. అయితే అప్పటికే ఒకరు చదివిన విషయం వారి మనసు నుండి చెరిగిపోదు. ఓటీపీని ఎవరికీ చెప్పకండి. నివేదిక ఫోటోను బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టకండి.

బంధువులకు తెలిపే బాధ్యత

మీ రికార్డు మీ తోబుట్టువుల వైద్యుని వద్దకు తనంతట తాను చేరదు. ఆ మాట మీ నోట వారికి చేరాలి. “నేను వాహకుడినని తేలినది, మీరు కూడా పరీక్ష చేయించుకొనుట మంచిది” అంటే చాలు. ఎవరి ఫలితాన్ని ఎవరికి చెప్పాలో వారే నిర్ణయించుకుంటారు.

సంబంధం తప్పిపోతుందన్న భయంతో కొందరు ఫలితాన్ని దాచుతారు. వాహకత్వం వ్యాధి కాదు, ఎవరి తప్పూ కాదు. వధూవరులలో ఒకరు మాత్రమే వాహకులై, రెండవవారికి తలసీమియా వంటి ఇతర హిమోగ్లోబిన్ లోపమేదీ లేకపోతే, బిడ్డకు సికిల్ సెల్ వ్యాధి రాదు. కనుక అనుమానంతో సంబంధం వదులుకొనుట కంటే, ఇరువురూ పరీక్షించుకొని వైద్యుని సలహా పొందుట మేలు.

కాగితపు నివేదికను కూడా పారవేయకండి. దానిని భద్రపరచి, పురిటికి వెళ్ళే కోడలి సంచిలో ఒక ప్రతి ఉంచండి.